సార్ చెరిపేసిన పెన్సిల్ గీత

మా కంపెనీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టి లోపలికి పోవాలి. ఆ రోజు షిఫ్టు ముగించుకొని వచ్చి ఫోన్ చేతిలోకి తీసుకుంటే తొమ్మిది మిస్డ్ కాల్స్. అన్నీ నాతో తొమ్మిదో తరగతి చదివిన స్నేహితురాలివే. "సార్ పోయిండే పిల్లా" అంది. కంపెనీ ఉన్న గడ్డపోతారం నుంచి ఆటో పట్టుకొని సార్ ఊరు కర్దనూర్ చేరేసరికి అంతా అయిపోయింది. చివరి చూపు కూడా దక్కలేదు.

సార్ మాకు ఇంగ్లీషు చెప్పారు. తొమ్మిదికి వచ్చేదాకా ఆ భాష మా పుస్తకాల్లో ఉండేది గానీ మా నోట్లో ఉండేది కాదు. మొదటి రోజే ఆయన పుస్తకం పక్కన పెట్టి, "రేపు మీ ఇంట్ల ఇంగ్లీషు కాయితం ఏదుంటే అది పట్కరాండ్రి" అన్నారు. మరునాడు కరెంటు బిల్లులు, మందుగోళీల అట్టలు, కంపెనీ నోటీసులు, యూరియా సంచి ముక్క కూడా వచ్చాయి. నేను మా నాన్న ఆస్పత్రి చీటీ తీసుకుపోయాను. ఇంట్లో ఎవరికీ చదవరాక దేవుడి పటం వెనక దాచిన చీటీ అది. "ఇంగ్లీషు దొరల లెక్క మాట్లాడనీకె కాదు. ఇంట్లోళ్ళకు సదివి చెప్పనీకె" అన్నారు సార్.

ఆయనకు రెండు పట్టింపులు. తెలియని మాట కింద పెన్సిల్‌తో గీత గీయాలి, అర్థం తెలిశాక రబ్బరుతో చెరిపెయ్యాలి. పెన్నుతో గీస్తే, "జిందగీ అంతా తెల్వకుంటనే ఉంటవా ఏంది?" అని ఎగతాళి చేసేవారు. రెండోది, పైకి చదివేటప్పుడు ఒక్క మాట వదిలినా మళ్ళీ మొదలుపెట్టాలి. నోరు తిరగని మాట రాగానే గొణిగేసి దాటబోయేవాళ్ళం. కళ్ళు మూసుకొని కూర్చున్నట్టే ఉండి పట్టేసేవారు. "మింగితే అరగది బిడ్డా. మళ్ళ మొదటి నుంచి." ఒకే పేరా ఏడుసార్లు చదివిన రోజుంది నాకు. బెల్లు కొట్టినా వదల్లేదు. మీకు నవ్వొస్తుందేమో గానీ, ఆ రోజు మనసులో ఎన్ని తిట్లు తిట్టుకున్నానో! ఇవాళ మందుల కంపెనీలో లేబుళ్ళు సరిచూసే పని చేస్తున్నానంటే అది ఆ ఏడుసార్ల పుణ్యమే.

ఈ వానాకాలంలో సార్ కబురు పెట్టారు. వెళ్తే మంచం మీద సగమై ఉన్నారు. ఆయన భార్యను మేమందరం అమ్మా అనే పిలుస్తాం. ఆమె మంచం పట్టె పట్టుకొని కూర్చుంది. ఆమెకు చదువు రాదు. వాళ్ళకు పిల్లలు లేరు. సార్ దిండు కింద నుంచి ఆస్పత్రి రిపోర్టు తీసిచ్చి, "గట్టిగ సదువు. అమ్మకు తెలుగుల చెప్పు" అన్నారు.

లివరు గురించి, రక్తం గురించి ఒక్కో లైను చదువుతూ చెప్పుకొచ్చాను. చివరి లైనులో పాలియేటివ్ అనే మాట ఉంది. నాకు తెలిసిన మాటే. ఇక నయం చేసే వైద్యం లేదు, నొప్పి తెలియకుండా చూసుకోండి అని దాని సారం. అమ్మ నా నోటివైపే చూస్తోంది. "ఏమంటుర్రు బిడ్డా? తగ్గుతదా?" అంది. "మందులు టైముకు ఏసుకోవాలెనంట, గంతే" అని ఆ లైను మింగేశాను.

మళ్ళ మొదటి నుంచి అంటారేమోనని సార్ వైపు చూశాను. అనలేదు. కాసేపు పైకప్పు చూసి, "మంచిగ సదివినవ్ బిడ్డా. ఛాయ్ తాగి పో" అన్నారు. తొమ్మిదో తరగతిలో ఆ మెప్పు కోసం ఏడాదంతా ఎదురుచూశాను. ఆ రోజు ఛాయ్ కూడా తాగకుండా లేచి వచ్చేశాను. తర్వాత రెండుసార్లు చెప్పాలనే పోయాను. అమ్మ తన మొక్కుల సంగతి చెబుతుంటే నోరు రాక తిరిగొచ్చాను.

పదో దినం నాడు చుట్టాలు వెళ్ళాక అమ్మ ఆ రిపోర్టు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"'నా నోటితోని చెప్పలేకనే ఆ పిల్లను పిలిపిచ్చిన' అన్నడు మీ సారు. నువ్వు సుత చెప్పకపోతివి. ఆఖరుకు మాట పడిపోతుంటే ఆయనే చెప్పిండు. నాకు సగమే సమజైంది. దసరాకు లేచి నడుస్తడనుకుంట కూసున్న నేను."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఇప్పుడు సదువు" అంది.

మొదటి నుంచి చదివాను. ఒక్క మాట మింగలేదు. పాలియేటివ్ దగ్గరికి వచ్చేసరికి ఆ రోజు నా కంట పడలేదు గానీ, దాని కింద కాగితం కొంచెం గరుకుగా కనబడింది. పెన్సిల్ గీత గీసి, రబ్బరుతో చెరిపిన జాడ. నన్ను పిలవకముందే సార్ డిక్షనరీ తీసి అర్థం చూసుకున్నారన్నమాట. చూసుకొని, అలవాటు ప్రకారం గీత చెరిపేశారు.

అమ్మకు తెలుగులో చెప్పాను. ఆమె ఏడవలేదు. "ఏడుంది ఆ మాట?" అని అడిగింది. చూపించాను. అక్కడ వేలు పెట్టి, ఆ గరుకు మీద అటూ ఇటూ రాస్తూ చాలాసేపు కూర్చుంది.