నిర్మాల్యం తీయని బ్యాటరీ

మా అక్కను ఇంటికి పంపడానికి ఆదోని ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒకే ఒక్క షరతు పెట్టింది. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉండాలి, కరెంటు పోయినా అది ఆగకూడదు.

"ఇన్వర్టర్ ఉందండీ అని నోటిమాటగా చెప్తే ఒప్పుకోను. మెయిన్ ఆపి, మిషన్ నడిపి, నాకు వీడియో కాల్‌లో చూపించండి. సాయంత్రంలోగా చూపిస్తే రేపు ఇంటికి. లేకపోతే రేపు పొద్దున్నే కర్నూలు పెద్దాసుపత్రికి" అంది.

అక్కకు ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. ముక్కుకు గొట్టం లేకుండా నాలుగు మాటలు మాట్లాడలేదు. ఎమ్మిగనూరులో వాళ్ల వీధిలో శనివారం భజన అంటే మా అక్క ఇంట్లోనే. మంగళహారతి ఆమె ఎత్తుకుంటే తప్ప కర్పూరం వెలిగించేవారు కాదు. అలాంటి గొంతు ఇప్పుడు మంచం పక్కన కూర్చున్న నాకే వినపడడం లేదు. వంగి చెవి పెడితే, ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి తీసుకుంటూ చెప్పింది.

"కర్నూలు వద్దురా. ఆడ నాకెవరుండారు? ఇంటికి పోదాం. శనివారం వస్తాంది."

నేను ఆదోనిలో బడిపంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. చిన్నప్పుడు మంత్రాలయం దగ్గర ఒక పాఠశాలలో కొన్నేళ్లు వేదం, పూజావిధానం నేర్చుకున్నాను. ఇప్పటికీ ఆంజనేయస్వామి గుడిలో శనివారాలు నాలుగు మాటలు చెప్తుంటాను. మా వైపు ఆయన్ను ప్రాణదేవుడని కొలుస్తాం. లోకంలో ప్రతి జీవి ముక్కులో ఆడే గాలి ఆయనే అని మా గురువులు చెప్పారు. ఆ రోజు ఆసుపత్రి మెట్లు దిగుతూ ఆయన్నే పట్టుకున్నాను. "స్వామీ, ఊపిరి నీది. దాన్ని నడిపే యంత్రం సంగతి కూడా నువ్వే చూసుకో" అని మొక్కి ఎమ్మిగనూరు బస్సెక్కాను.

బావ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆయనది చీరల కొట్టు. భక్తిలో నన్ను మించినవాడు. ఆయుధపూజ వచ్చిందంటే ఆ ఇంట్లో ఏ వస్తువూ బొట్టు తప్పించుకోలేదు. మిక్సీకి, గ్యాసు సిలిండరుకు, చీరలు కొలిచే గజం బద్దకు, ఆఖరికి టీవీ రిమోట్‌కు కూడా. బజారులో దొరికే గంధం పొడి ఆయనకు పనికిరాదు. సానరాయి మీద చెక్క అరగదీసి, పచ్చకర్పూరం కలిపి తనే తీస్తాడు. ఆ వాసన ఆ ఇంటిదే. కళ్లకు గంతలు కట్టి వదిలినా నేను గుర్తుపట్టగలను.

అద్దె మిషన్ అప్పటికే వచ్చి, అక్క మంచం పక్కన కూర్చుంది. బావ మెయిన్ స్విచ్ దగ్గరికి పోయి కేకేశాడు.

"ఆపుతాండా!"

"ఆపు బావా!"

ఇన్వర్టర్ టక్కుమంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, లైటు వెలుగుతూనే ఉంది. ఇద్దరం ముఖాలు చూసుకుని నవ్వుకున్నాం. మిషన్ బటన్ నొక్కాను. గుర్రుమని మొదలై నాలుగైదు ఊపిర్లు వదిలింది. అంతలో ఇన్వర్టర్ కీక్ కీక్‌మని అరిచింది. ఫ్యాను, లైటు, మిషన్, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఏందిరా ఇది? మొన్న మొన్ననే కదా కొన్నది!" అన్నాడు బావ.

ఫ్యాను, లైటు ఆపేసి మిషన్ ఒక్కటే పెట్టాం. అదే కథ. ప్లగ్గు మార్చాం. అదే కథ. బ్యాటరీలో నీళ్లు తగ్గాయేమోనని చూశాను. నీటిమట్టం చూపించే బుడిపెలన్నీ పైకే ఉన్నాయి. కరెంటు ఉన్నప్పుడు చార్జింగు నిండిందని పచ్చ దీపం నిక్షేపంగా వెలుగుతోంది. లైట్లకు పనికొచ్చేది మిషన్‌కు ఎందుకు పనికిరాదు?

బ్యాటరీల కొట్టాయనకు బావ ఫోన్ చేసి, నేనూ వినేలా స్పీకర్ పెట్టాడు.

"లైట్లకు పని చేసి, బరువు పడితే కూలబడతాందంటే లోపల బ్యాటరీ పోయిందేమోనన్నా. నేను లారీ పని మింద గూడూరులో ఉండా. ఎల్లుండి వచ్చి సూస్తా" అన్నాడాయన.

ఆయన తప్పేమీ లేదు. ఫోనులో విన్నవాడెవరైనా ఆ మాటే అంటాడు. కానీ మాకు ఎల్లుండి లేదు. సాయంత్రం వరకే ఉంది.

బావ అరుగు మీద కూలబడ్డాడు. "ఆమె ఒక్క మాటే అడిగింది గదరా, ఇంటికి పోదామని. అది కూడా సెయ్యలేకపోతిమే" అని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

నేను కాళ్లు కడుక్కుని దేవుడి గదిలోకి పోయాను. ప్రాణదేవుడి పటం ముందు కూర్చుని, నాకు వచ్చిన స్తోత్రమంతా ఒక్క అక్షరం మింగకుండా చదివాను. లేచి వచ్చి, "బావా, ఇంకొక్కసారి చూద్దాం" అన్నాను.

"సూస్తే ఏమొస్తాది? సరే కానీయ్."

ఆయన మెయిన్ ఆపాడు. నేను మిషన్ నొక్కాను. అది గుర్రుమన్న ఆ కాసేపట్లోనే ఇల్లంతా ఒక వాసన పరుచుకుంది. గంధం, పచ్చకర్పూరం కలిసిన వాసన. బావ మెయిన్ స్విచ్ వదిలేసి రెండు చేతులూ జోడించాడు.

"వచ్చినాడ్రా స్వామి! నేనీ పొద్దు గంధం తీయనే లేదు. సానరాయి ఎండిపోయి ఉంది, కావాలంటే పోయి సూడు! స్వామే వచ్చినాడు!"

నా ఒళ్లు గగుర్పొడిచింది. నేనూ చేతులు జోడించాను. ఇన్వర్టర్ కీక్‌మని అరిచి ఆగింది. వాసన మెల్లగా పలచబడింది. మళ్లీ మిషన్ పెట్టాం. మళ్లీ వాసన. మిషన్ ఆగితే వాసన తగ్గుతోంది. మూడోసారికి నాకు నవ్వు ఆగలేదు.

"బావా, స్వామి మెయిన్ ఆపితేనే వస్తాండాడేం?"

"దేవుని మింద ఎగతాళా? కండ్లు పోతాయ్!"

"ఎగతాళి కాదు. పిలుస్తాండాడు. పోయి చూద్దాం పా."

వాసన పట్టుకుని నడిచాను. దేవుడి గదిలో లేదు. వంటింట్లో లేదు. మెట్ల కిందికి వచ్చేసరికి గుప్పుమంది. అక్కడ ఉన్నది ఇన్వర్టర్, దాని పక్కన బ్యాటరీ. బ్యాటరీ మెడలో ఆయుధపూజనాటి బంతిపూల దండ ఎండి వేలాడుతోంది. పైన రెండు సీసపు మొనలు, వాటికి బిగించిన వైర్ల క్లాంపులు. ఒక క్లాంపు అంచున గంధం మాడి గోధుమరంగుకు తిరిగింది. ఇన్వర్టర్ ఆపి, వేళ్ల వెనుక భాగంతో తాకి చూశాను. ఒకటి చల్లగా ఉంది. గంధం ఉన్నది చురుక్కుమంది.

"బావా, దీనికి బొట్టు యాడ పెట్టినావు?"

"నెత్తినే పెట్టాల గదా."

"పైన అంటించినావా?"

"పైపైన అంటిస్తే పూజ అయితాదా? ఆ క్లాంపు బిళ్ల ఇప్పి, లోపల మొనకు బాగా పట్టించి, మళ్లీ బిగిస్తి. ఎర్ర వైరున్న మొనకే. అదే పెద్దది, అదే దేవుడనుకుంటి."

"మరి నిర్మాల్యం తీసినావా?"

బావ వంగి, బ్యాటరీ మెడలో ఎండిన దండను వేలితో తాకి చూశాడు.

నిర్మాల్యం అంటే నిన్నటి పూజలో దేవుడికి పెట్టిన పూలు, గంధం. తెల్లవారి పూజలో మొదటి పని దాన్ని తీసేయడమే. పాఠశాలలో మా గురువుగారు మంత్రాలకంటే ముందు నేర్పింది ఇదే. నిన్న అలంకారమైంది ఇవాళ అడ్డం. పాత గంధం మీద కొత్త గంధం నిలవదు, తీయకుండా చేసిన అభిషేకం విగ్రహాన్ని తాకదు. ఇన్నేళ్లు ఆ మాట గుడిలో పది మందికి చెప్పాను. అది బ్యాటరీకి కూడా వర్తిస్తుందని నాకు ఆ మెట్ల కింద తెలిసింది. ఎండిన గంధం వైరుకూ మొనకూ మధ్య గోడలా నిలిచింది. లైటు, ఫ్యాను అడిగే కొద్దిపాటి కరెంటు సందుల్లోంచి దూరిపోతోంది. మిషన్ ఎక్కువ అడిగేసరికి దారి చాలక అక్కడే సారిసారికీ ఇంకాస్త వేడెక్కి, చివరికి గంధాన్ని కాల్చి, ఆగిపోతోంది.

"యంత్రానికి కూడా నిర్మాల్యం ఉంటాదని ఎవురికి తెలుసప్పా!" అన్నాడు బావ.

"పూజ చేసినప్పుడు అదీ విగ్రహమే కదా. పానా తీసుకురా. నీ రాగి కడియం తీసి అవతల పెట్టు, పొరపాటున తగిలితే నిప్పులు కురుస్తాయి."

మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపాం. పానాకు గుడ్డ చుట్టి, ముందు నల్ల వైరు క్లాంపు, తర్వాత ఎర్రది విప్పాను. లోపల గంధం అప్పడంలా పేరుకుని ఉంది. ఎండిన పూలదండ తీసి ఆకులో పెట్టాను. గంధాన్ని తడిగుడ్డతో మెత్తబరిచి తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, మొననూ క్లాంపు లోపలి భాగాన్నీ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాను. చేతులు పని చేస్తుంటే, అలవాటుగా నోరు నిర్మాల్య విసర్జన మంత్రం చదివింది. బావ వెనక నిలబడి దానికి "నమో నమః" కలిపాడు. మళ్లీ ఎర్రది ముందు, నల్లది తర్వాత గట్టిగా బిగించి, పైన కాస్త వాజిలిన్ పూశాను.

"గంధం తీసి వాజిలిన్ పూస్తివా? కలికాలం!" అన్నాడు బావ. అప్పటికి ఆయన గొంతులో నవ్వు వచ్చింది.

మెయిన్, ఇన్వర్టర్ రెండూ వేసి ఒకసారి సరిచూసుకుని, మెయిన్ మళ్లీ ఆపాం. మిషన్ నొక్కాను. గుర్రుమంది. ఇద్దరం ఇన్వర్టర్ వైపే చూస్తున్నాం. కీక్ రాలేదు. ఫ్యాను కూడా వేశాను. లైటు వేశాను. మిషన్ తన మానాన తను ఊపిరి పీల్చి వదులుతోంది. బావ దాని గొట్టం చివర అరచేయి పెట్టి, గాలి తగిలిందని చిన్నపిల్లాడిలా నా వైపు తిరిగి చూశాడు. "ఆడతాందిరా! ఆడతాంది!" అని అరిచి నన్ను కౌగిలించుకున్నాడు. ఆయన చెమటలో కూడా గంధం వాసనే.

మిషన్ ఆపకుండా, పొద్దు వాలేదాకా అలాగే నడిపించాం. అప్పుడు డాక్టరమ్మకు వీడియో కాల్ చేశాం. ఆమె చూసింది చూసినట్టు నమ్మే మనిషి కాదు.

"మెయిన్ నిజంగా ఆపారా?"

"ఆపినామమ్మా."

"ఫ్రిజ్ ఇన్వర్టర్ మీద లేదన్నారు కదా. తలుపు తెరిచి చూపించండి."

బావ ఫ్రిజ్ తలుపు తెరిచి ఫోను లోపలికి పెట్టాడు. చీకటి. ఆ చీకటిని చూసి అంత సంతోషించిన ఇల్లు ఇంకొకటి ఉండదు. డాక్టరమ్మ నవ్వింది. "సరే, చిన్న సిలిండర్ కూడా ఒకటి దగ్గర ఉంచుకోండి. రేపు తీసుకెళ్లండి" అంది.

శనివారం భజనకు వీధి వీధంతా వచ్చింది. అక్క కుర్చీలో, ముక్కున గొట్టంతో కూర్చుంది. నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. కన్ను, చెవి, నోరు నేను గొప్పంటే నేను గొప్పని పోట్లాడుకుంటే, ప్రాణం లేచి బయలుదేరబోయేసరికి గుర్రం కట్టుగుంజల్ని పీకినట్టు అన్నీ తమ చోట్ల నుంచి ఊడిరాబోయి, ఆ ప్రాణదేవుడి కాళ్లు పట్టుకున్న పాత కథ చెప్పాను. ఎన్నోసార్లు చెప్పిన కథే. మిషన్ పక్కన నిలబడి చెప్పడం అదే మొదటిసారి.

బావ గంధం గిన్నె పట్టుకుని అందరికీ పెడుతూ మెట్ల వైపు చూశాడు. అక్క కనిపెట్టింది.

"అది నాకు పెట్టు. ఆ యంత్రానికి దూరం నుంచే నమస్కారం సెయ్యి, సాలు."

ఇల్లంతా నవ్వింది. ఆ నవ్వులోనే కరెంటు పోయింది. వీధి దీపాలు ఆరిపోయాయి, పక్కింటి టీవీ మూగబోయింది. బావ చేయి గిన్నెలోనే ఆగిపోయింది. మెట్ల కింద టక్కుమని ఒక చిన్న శబ్దం. మిషన్ ఊపిరి తప్పలేదు.

హారతి పళ్లెంలో కర్పూరం పెట్టి, పాట ఎవరు ఎత్తుకుంటారా అని అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. అక్క చేయెత్తింది. గొంతు సన్నగా, పగుళ్లతో వచ్చింది. ఒక్కో పాదానికి మధ్య ఆగి, గాలి తీసుకుని, మళ్లీ అందుకుంది. మేం తొందరపడకుండా, ఆమె ఆగిన చోటల్లా తాళం ఆపి కాచుకున్నాం. చివరి పాదం ఆమె ఒక్కతే పాడింది.

బావ కర్పూరం వెలిగించాడు.