లోర్నా పట్టుకు కూర్చున్న లైన్లు

అమెరికాలోని డులూత్ ఊళ్లో మంచు పడితే చాలు, లోర్నా హాస్కిలాకి తలవంపులే. అంబులెన్సుల్లోంచి రోగి సంగతులు ఆసుపత్రికి చేరవేసే ప్రోగ్రాం ఆవిడ రాసిందే. మామూలు రోజుల్లో చక్కగా నడిచేది. మంచు పడిందో, మధ్యాహ్నానికల్లా మొరాయించి కూర్చునేది. "ఇంకొక్కసారి ఆగిందంటే తీసి అవతల పారేస్తాం" అని ఆసుపత్రివాళ్లు మొహం మీదే చెప్పేశారు. బయట మళ్లీ మంచు మొదలైంది.

"ఆపి మళ్లీ వేస్తే పోయేదానికి ఎందుకక్కా ఈ తలనొప్పి?" అన్నాడు పక్క బల్ల ఆరిన్.

"మంచుకీ దీనికీ ఏం పగరా? అది తేలేదాకా నాకు ముద్ద దిగదు."

నిజంగానే దిగలేదు. మధ్యాహ్నం తినడానికి తెచ్చుకున్న హాట్‌డిష్ కూర గిన్నెలోనే చల్లారిపోతుంటే, తెరకి మొహం ఆనించి చూసింది. ఆసుపత్రికి ఉన్నవే కొద్ది లైన్లు. అన్నీ నిండి ఉన్నాయి. కానీ ఒక్కదాంట్లోనూ మాటా పలుకూ లేదు! ఓరి నాయనో, మరి వీటిని పట్టుకు కూర్చున్నదెవరు?

ఎవరో కాదు, తన ప్రోగ్రామే. మంచుకి కొండదారిలో సిగ్నల్ పోయి మాట మధ్యలో తెగిపోతే, అవతలివాళ్లు తిరిగొస్తారని ఆ లైను అలాగే అట్టేపెడుతోంది. ప్రాణాల మీదున్నవాళ్లని మధ్యలో వదలకూడదని తనే అలా రాసింది.

కాసేపు చూసి లైను వెనక్కి తీసుకోమని రాయడం చిటికెలో పని. చేతులు రాలేదు. సిగ్నల్ సరిగా లేక ఎవరైనా మెల్లగా పంపుతూ ఉంటే? ఎంతసేపు ఆగాలి? అంబులెన్సులో రోగుల్ని చూసుకునే డెనీస్‌కి ఫోన్ చేసి అదే అడిగింది. "మాట తెగిపోతే మళ్లీ ఎంతసేపటికి కలుపుతావే?"

డెనీస్ విరగబడి నవ్వింది. "ఎంతసేపేంటే తల్లీ! రోగిని ముందు పెట్టుకుని జపం చేస్తానా? ఆ క్షణమే కొత్తగా కలుపుతా. కలిసి చస్తేగా! లైన్లు ఖాళీ లేవంటుంది నీ దిక్కుమాలిన ప్రోగ్రాం. మొన్న ఓ పెద్దాయన గుండె పట్టుకుని మూలుగుతుంటే, వచ్చేస్తున్నామని చెప్పడానికి కూడా లైను దొరక్క ఏడుపొచ్చింది నాకు."

లోర్నా ఫోన్ పెట్టేసింది. ఎవరి కోసం తను లైను పట్టుకు కూర్చుందో, ఆ మనిషే బయట నిలబడి తలుపు బాదుతోంది.

ఆ ఆఫీసులో ప్రోగ్రాం మీద చెయ్యి వేసేవాళ్ల బల్ల మీద చెక్క చేప ఉండాలి. అది ఒకరి దగ్గరుంటే రెండోవాళ్లు ముట్టుకోరు. ఇప్పుడది ఆరిన్ దగ్గరుంది.

"ఇటియ్యరా దాన్ని" అంది కళ్లు తుడుచుకుంటూ. ఆరిన్ వెంటనే ఇచ్చేశాడు. తెగిన లైనుని కాసేపు చూసి వదిలెయ్యమని రాసేసింది.

సాయంత్రానికి మంచు మోకాలెత్తు పడింది. లైన్లు తెగుతున్నాయి, కాస్త ఆగి ఖాళీ అవుతున్నాయి. కొండదారిలోంచి మాట్లాడుతున్న డెనీస్ లైనూ తెగిపోయింది. లోర్నా తెర మీంచి కళ్లు తిప్పలేదు.

మరుక్షణమే కొత్త లైను కలిసింది. "వచ్చేస్తున్నాం, మంచం సిద్ధం చెయ్యండి" అని డెనీస్ మాట తెర మీద పడింది.