జవాబు లేని గడి

పిల్లలు తరగతిలో ప్రశ్నలు ఎందుకు అడగరన్నది నా పీహెచ్‌డీ అంశం. విశాఖలో సీటు వచ్చిన రోజు గాల్లో తేలిపోయాను. పరిశోధనకు ఏరికోరి మా చోడవరం పక్క ఊళ్ళోని బడినే తీసుకున్నాను. మన పిల్లలే కదా, నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతారని నా ధీమా.

మూడు నెలలు వెనక బెంచీ మీద కూర్చున్నాను. పాఠం అయ్యాక పిల్లలతో మాట్లాడి, రికార్డు చేసి, నోటుపుస్తకంలో గడులు నింపడం నా పని. "మీకు ఏమైనా సందేహాలు ఉన్నాయా?" అని రేడియోలో వార్తలు చదివినట్టు అడిగేదాన్ని. అందరూ చేతులు కట్టుకుని ఒక్క గొంతుతో "లేవండి" అనేవారు. ఆ తర్వాత ఏం అడిగినా బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవారు. ప్రతి గడిలోనూ "జవాబు లేదు" అని రాసి రాసి నాకు ఒళ్ళు మండిపోయేది.

మా గైడు ఆ పేజీలన్నీ తిరగేసి పెదవి విరిచారు. "సోమవారానికి ఒక్క ప్రశ్నయినా తీసుకురా. లేకపోతే అంశం మార్చేద్దాం" అన్నారావిడ. అంటే నా మూడు నెలల చాకిరీ బూడిదలో పోసినట్టే.

శుక్రవారం ఆరో తరగతిలో మళ్ళీ అదే మాట అడిగాను. మళ్ళీ "లేవండి". అంతలో రికార్డరు పక్కన పెట్టిన నా ఫోను మోగింది. కంగారులో స్పీకరు నొక్కేశాను.

"ఒసే, సెరుకు కొట్టీవోళ్ళు వచ్చేరే. మజ్జానం తిండికి వస్తన్నావా, లేదా?" అమ్మ గొంతు గదంతా మోగిపోయింది.

"వస్తన్నానే. కూరేటి సేసేవు?"

"ఆనపకాయ."

ఫోను పెట్టేసి చూద్దును కదా, తరగతి మొత్తం నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. ఇన్నాళ్ళూ తలెత్తని రెండు జడల పిల్ల లేచి నిలబడింది.

"మేడం, మీరూ మాలాగే మాటాడతారేటి?"

ప్రశ్న! బెంచీ ఎక్కి గంతెయ్యాలనిపించింది.

"మాదీ సోడవరమే గదే గుంటా!"

ఇక చూడాలి. "భిన్నాల్ని తిరగేసి ఎందుకు గుణించాల మేడం?" "రోజూ అదేటి రాసుకుంటన్నారు?" "మీకూ లెక్కలు తప్పీవా?" నా పెన్ను అందుకోలేకపోయింది. నవ్వు ఆగడం లేదు, రాత ఆగడం లేదు. రెండు పేజీలు నిండిపోయాయి.

అప్పుడు ఆ రెండు జడల పిల్లే మళ్ళీ అడిగింది.

"మరి ఇన్నాళ్ళూ మాతో అలాగెందుకు మాటాడేరు?"

డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నేను మా యాసలో "వచ్చేను" అంటే గదిలోవాళ్ళు పడీ పడీ నవ్వారు. నెల తిరక్కుండా నా మాటను నేనే దాచేసుకున్నాను. ఆ సిగ్గు ఈ పిల్లకు చెప్పాలంటే నోరు పెగల్లేదు. ఈలోగా గంట కొట్టేశారు.

సోమవారం మా గైడు ఒక్కో ప్రశ్నా చదువుతూ, మురిసిపోతూ, చివరిదాని దగ్గర ఆగారు. ఎదురు గడిలో నా చేతిరాతే ఉంది: జవాబు లేదు.

"ఇక్కడ చెప్పనిది ఎవరు?"

"నేనేనండీ."

ఆవిడ పుస్తకం నా చేతికిచ్చారు. "అంశం మార్చక్కర్లేదు. ముందు వెళ్ళి ఈ గడి నింపు."

మెట్లు రెండేసి చొప్పున దూకి చోడవరం బస్సెక్కాను. ఆ పిల్లకు చెప్పవలసింది దారి పొడుగునా లోలోపల చెప్పుకుంటూనే వచ్చాను, మా అమ్మతో మాట్లాడినట్టే.