అయిదున్నర అడుగుల నీళ్ళు

ఆ రోజుల్లో కాలవల మీద పనిచేసినవాళ్ళ గురించి ఈమధ్య అందరూ తెగ చెప్పుకుంటున్నారు. ఆనకట్ట కట్టించిన దొరల గురించి చెబుతారు, గట్లు వేయించిన ఓవర్సీర్ల గురించి చెబుతారు, ఆఖరికి ఏ దొరగారి గుర్రానికో కాలు బెణికితే కట్టు కట్టినవాడి గురించి కూడా చెబుతారు. గేజి చూసేవాడి గురించి మాత్రం ఇంతవరకు ఎవరూ ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు. ఇవాళ కాకపోతే రేపైనా అడుగుతారని ఇన్నేళ్ళూ ఎదురు చూశాను. ఇక చూడను. నాకు జరిగిన అన్యాయం నేనే రాసుకుంటున్నాను. చదివి నవ్వేవాళ్ళు నవ్వండి. నాకూ నవ్వు వస్తూనే ఉంది. కాని నవ్వు వేరు, జవాబు వేరు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ధవళేశ్వరం నుంచి దిగువకు వచ్చే కాలవ మీద మా ఊరికి దగ్గరలో లాకులుండేవి. పడవలను ఎగువ నీటి నుంచి దిగువ నీటికి దించే ఆ తలుపుల పక్కన, గోడకు ఒక పొడుగాటి పలక నీళ్ళలోకి దిగేలా బిగించి, దాని మీద అడుగులూ అంగుళాలూ గీసి ఉంచారు. దాన్నే గేజి అనేవాళ్ళం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీరు ఏ గీత దగ్గరుందో చూసి చీటీ మీద రాసి, పోయే పడవలో మూడు కోసుల దూరంలోని సెక్షను కచేరీకి పంపించడం నా ఉద్యోగం. మా మేనమామ ఎవరినో పట్టుకుని వేయించాడు. "కళ్ళుంటే చాలురా, తెలివితో పనిలేని ఉద్యోగం. నీకోసమే పుట్టించినట్టుంది" అన్నాడు. (ఆయన పోయి పదేళ్ళయింది. ఈ మాట మాత్రం నేను మరిచిపోలేదు.)

లాకు తలుపులు తిప్పే లస్కర్లలో పెద్దవాడు ఒక ముసలాయన. అందరం లాకుల తాత అనేవాళ్ళం. పుట్టుక చేపలు పట్టేవాళ్ళలో. ఆనకట్ట కట్టేటప్పుడు రాళ్ళ పడవలు నడిపిన మనిషి. నేను మొదటి చీటీ రాసి, ఏదో పని అయిందనిపించి లేస్తుంటే ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఆ కాగితాన్ని దేవుడి పటాన్ని చూసినట్టు చూశాడు. "బాబుగారూ, తమరు రాసిన అంకె చూసేనండి, అక్కడ ఆనకట్ట కాడ తలుపులు ఎత్తేదీ దించేదీ. తమరు ఓ గీత తక్కువేశారనుకోండి, ఇక్కడ చేలు మునిగిపోతాయండి. ఓ గీత ఎక్కువేశారనుకోండి, ఎండిపోతాయండి. కాస్త చూసి వేయండి" అన్నాడు.

నేను నమ్మేశాను. పంతొమ్మిదేళ్ళవాడికి గోదావరి నీ చేతిలో ఉందని చెబితే నమ్మక ఏం చేస్తాడు? ఆ రోజు నుంచి తెల్లవారేసరికి స్నానం చేసి, నాచు పట్టిన మెట్లు దిగి, గేజి పలకను గుడ్డతో తుడిచి, పడవ పోయిన అల సద్దుమణిగేదాకా ఊపిరి బిగబట్టి, కళ్ళు నీటి మట్టానికి తెచ్చి చూసేవాణ్ణి. (అలా వంగి రెండుసార్లు కాలవలో పడ్డాను. రెండుసార్లూ ఈదుతూనే అంకె చూసుకుని బయటికి వచ్చాను.) సాయంత్రం నీడ పడి గీతలు కనిపించకపోతే అద్దంతో ఎండను తిప్పి పలక మీద వేసేవాణ్ణి. చీటీలన్నీ ఒకే కొలతకు కత్తిరించుకునేవాణ్ణి. మా అమ్మ వడ్డిస్తూ ఏదైనా అడిగితే "ఉండవే, ఇవాళ రెండంగుళాలు పెరిగింది" అనేవాణ్ణి. యానాం వైపు పోయే పడవవాళ్ళు నన్ను చూడగానే "గేజి పంతులుగారండోయ్! మాకు దారిస్తారా, నీళ్ళిస్తారా?" అని వేళాకోళం చేసేవాళ్ళు. నేను మాత్రం నిజంగానే ఇస్తున్నవాడిలా చెయ్యి ఊపేవాణ్ణి.

మూడేళ్ళు గడిచాయి. కచేరీ నుంచి ఒక్క ముక్క లేదు. బాగుందని లేదు, బాగాలేదని లేదు. గేజి మీద అంకెల రంగు రాలిపోతోంది, కాస్త రంగు పంపించండని మూడు అర్జీలు పెట్టాను. దానికీ జవాబు లేదు. (నకళ్ళు నా దగ్గర ఉన్నాయి. ఎవరికైనా కావాలంటే చూపిస్తాను.) చివరికి ఒకనాటి మధ్యాహ్నం నేనే పడవెక్కి కచేరీకి వెళ్ళాను.

గుమాస్తాగారు వసారాలో చాప మీద పడుకుని ఉన్నారు. తలకింద కాగితాల కట్ట ఉంది. ఆ కాగితాల అంచులు చూడగానే గుర్తుపట్టాను. మూడేళ్ళు ఆ అంచులు కత్తిరించినవాడికి తెలియదా?

"ఏమండీ, మీ తలకింద ఉన్నవి..." అన్నాను.

"ఏంటవి?" అన్నారాయన కళ్ళు తెరవకుండానే.

"నా చీటీలండి."

"ఏ లాకులు మీవి?"

చెప్పాను. ఆయన ఒక కన్ను తెరిచి, నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఓహో, మీరేనా అండి! పడుకోవడానికి మీవే బాగుంటాయండి. అన్నీ ఒక్క కొలతకే కత్తిరిస్తారు. ఆ ఎగువ లాకులవాడివి ఉన్నాయి చూడండి, మెడకి గుచ్చుకుంటాయి" అన్నారు.

మూడేళ్ళ ఉద్యోగంలో నాకు దొరికిన మొదటి మెప్పు ఇది.

రంగు మాట ఎత్తితే "వచ్చినప్పుడు వస్తుందండి" అని అటు తిరిగి పడుకున్నారు. తిరుగు పడవలో నాతో వచ్చినవాళ్ళు ఎవరో, ఏం మాట్లాడారో నాకు ఇప్పటికీ తెలియదు. నా కళ్ళముందు ఒకటే కనిపిస్తోంది: ఆ కట్ట మీద గుమాస్తాగారి తల నూనె మరక.

మర్నాడు గేజి తుడవలేదు. ఆ మర్నాడు మెట్లు దిగలేదు, పైనుంచే చూశాను. వారం తిరిగేసరికి మా ఇంటి వసారాలో కూర్చుని నిన్నటి అంకెకు ఒక అంగుళం కలిపో తీసేసో రాయడం మొదలుపెట్టాను. ఇందులో నాకే దిగ్భ్రమ కలిగించిన సంగతి మరొకటుంది. ఎప్పుడైనా మనసు పీకి నిజంగా వెళ్ళి చూసినా నాకు గీత ఆనేది కాదు. గోదావరి నా చేతిలో ఉందనుకున్నన్నాళ్ళు మసక వెలుతురులో కూడా అర అంగుళం తేడా పట్టినవాణ్ణి, ఇప్పుడు మిట్టమధ్యాహ్నం అయిదో గీతో నాలుగో గీతో తేల్చుకోలేక నిలబడేవాణ్ణి. కళ్ళు అవే. చూసేవాడు మారిపోయాడు.

ఇంతలో శ్రావణమాసం వచ్చింది. మండపేట దగ్గర మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్ళి. రెండు రోజులకు సరిపడా నాలుగు చీటీలు ముందే రాసేసి తాత చేతిలో పెట్టాను. అన్నిటిలోనూ అయిదున్నర అడుగులే. పొద్దునకొకటి, సాయంత్రానికొకటి పంపించమన్నాను.

"నీళ్ళు రాకముందే రాసేశారేంటండి బాబుగారూ?" అన్నాడు తాత ఆశ్చర్యపోయి.

"మూడేళ్ళనుంచి చూస్తున్నాను తాతా. ఎలా వస్తాయో లెక్క కట్టి రాశాను" అన్నాను తడుముకోకుండా.

"ఆహా!" అన్నాడాయన. ఆ చీటీలను తలపాగాలో భద్రంగా దోపుకున్నాడు.

పెళ్ళి బాగా జరిగింది. మూడోనాడు పొద్దెక్కేసరికి బూరెల బరువుతో గట్టు మీద నడిచివస్తూ లాకుల దగ్గర మలుపు తిరిగాను. తిరిగినవాణ్ణి తిరిగినచోటే నిలబడిపోయాను. కాలవలో నీళ్ళు లేవు. పదిహేను పడవలు బురదలో ఒకదాని పక్కన ఒకటి పక్కలకు ఒరిగి కూర్చున్నాయి. ఒక పడవవాడు నన్ను చూసి లేచి, "వచ్చారండోయ్ గేజి పంతులుగారు! ఏమండీ, అయిదున్నర అడుగులంటగా? మునిగిపోతారేమో, కాస్త ఈదుకుంటూ రండి!" అని కేక పెట్టాడు. అందరూ గొల్లుమన్నారు.

లాకు మీద గుర్రం కట్టేసి ఉంది. సెక్షను దొర నిలబడి ఉన్నాడు. పక్కన గుమాస్తాగారు ఒక పెద్ద రిజిస్టరు చంకలో పెట్టుకుని ఉన్నారు. వాళ్ళ ఎదుట తాత, తలపాగా తీసి చేతిలో పట్టుకుని. నా ఉద్యోగం ఆ క్షణంలో పోయిందనే అనుకున్నాను.

జరిగింది ఇది. నేను వెళ్ళిన రోజునే ఎగువన గట్టు కారుతోందని ధవళేశ్వరంలో తలుపులు కొంత దించారు. దిగువన నీరు ఎంత తగ్గితే మళ్ళీ ఎత్తాలన్నది చీటీలు చూసి తేల్చుకోవాలి. మా దగ్గర నీరు నాలుగడుగులు పడిపోయింది, పడవలు ఆగిపోయాయి. పడవ లేకపోతే చీటీ వెళ్ళేదెలా? తాత చీటీ పట్టుకుని మూడు కోసులూ నడిచాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆ వయసులో. రెండో రోజు సాయంత్రం గుమాస్తాగారు నిద్రలేచి ఉండడం వల్ల అడిగారట:

"పడవలో పంపక నడిచొచ్చావేం తాతా?"

"పడవలు బురదలో కూకున్నాయండి."

"మరి ఇందులో అయిదున్నర అడుగులని ఉందే!"

"బాబుగారు రాశారండి. రాశారంటే ఉంటాయండి."

"నీ కళ్ళతో చూశావుగా, నీకు అనుమానం రాలేదూ?"

"వచ్చిందండి. నీళ్ళ మీద వచ్చిందండి. బాబుగారి చీటీ మీద ఎందుకొస్తాదండి?"

ఇదంతా గుమాస్తాగారే నాకు అందరి ముందూ వినిపించారు. తర్వాత రిజిస్టరు విప్పారు. మూడేళ్ళ నా అంకెలు, రోజుకు రెండు చొప్పున, ఒక్కటి వదలకుండా అందులో ఎక్కించి ఉన్నాయి. పక్కన దొర చేతి ఎర్ర సిరా గుర్తులు.

"ఎగువ లాకులకీ దిగువ లాకులకీ తేడా వస్తే మీ అంకే సరైనదని పెట్టుకునేవాళ్ళమండి. దొరగారు అది చూసే ధవళేశ్వరానికి కబురు పంపేవారు. మొన్న కూడా మీది చూసి, నీళ్ళున్నాయి కదా అని తలుపులు ఎత్తించకుండా ఆగారు. ఈ ముసలాయన నడిచిరాకపోతే నారుమళ్ళు ఎండిపోయి ఉండేవండి" అన్నారు గుమాస్తాగారు.

అంటే తాత చెప్పిందంతా నిజమే! ఆ మూడేళ్ళూ గోదావరి నా చేతిలోనే ఉంది!

"మరి నా చీటీలు మీ తలకింద..." అన్నాను.

"రిజిస్టరులో ఎక్కించాకే కదండీ తలకింద పెట్టుకునేది!"

"ఒక్కసారైనా బాగున్నాయని చెప్పకూడదటండీ?"

గుమాస్తాగారు నిజంగానే తెల్లబోయారు. "బాగుంటే చెప్పడానికి ఏముంటుందండి? తప్పుంటే మెమో వస్తుంది" అన్నారు.

దొర నా ఉద్యోగం తీసెయ్యమన్నాడు. తాత అడ్డుపడ్డాడు. "పిల్లగాడండి. చెయ్యి మంచిదండి. ఈ ఒక్కసారికి వదిలెయ్యండి" అని దండం పెట్టాడు. ఆ ముసలాయన బురద కాళ్ళను దొర కాసేపు చూసి ఒక ఉత్తర్వు వేశాడు. ఆ రోజు నుంచి నేను నీరు చూస్తుంటే తాత పక్కన నిలబడి చూడాలి. ప్రతి చీటీ కింద ఆయన నిశానీ ఉండాలి. చదువు రాని ఆయన నిశానీ ఒక తెడ్డు బొమ్మ. నా అందమైన అంకెల కింద రోజుకు రెండు తెడ్లు! ఎంత అవమానమో మీరే చెప్పండి.

తాతకు నాకంటే ఎక్కువ సిగ్గు. గీసేటప్పుడు ప్రతిసారీ "ఏమనుకోకండి బాబుగారూ" అనేవాడు. గీసి, చీటీని దూరంగా పట్టుకుని చూసి, "ఇవాళ బాగా చూశారండి" అనేవాడు. రోజూ అనేవాడు. అంకె అర్థం కాని మనిషి అనే ఆ మాటకు నేను వారంలోపే మళ్ళీ మెట్లు దిగాను. పలక తుడిచాను. నెల తిరిగేసరికి అర అంగుళం తేడా మళ్ళీ కళ్ళకు ఆనింది. ఆయన బతికినన్నాళ్ళూ నా చీటీకి ఒక్క మెమో రాలేదు. బాగుందన్న మాట రావలసిన చోటి నుంచి మాత్రం రాలేదు.

ఈత కొడుతూ అంకె చూసుకున్న ఆ పంతొమ్మిదేళ్ళవాణ్ణి తలుచుకుంటే నాకు ఇప్పుడు నవ్వు వస్తుంది, వాడి మీద కోపం రాదు. కోపమంతా గుమాస్తాగారి మీదే. ఆయన పింఛను పుచ్చుకుని నేనిప్పుడుంటున్న రాజమహేంద్రవరంలోనే ఉంటున్నారు. గోదావరి స్నానానికి వచ్చినప్పుడల్లా మెట్ల మీద పట్టుకుని అడుగుతాను. "ఇంకా అదేనా అండి!" అని మునకేస్తారు. నేను గట్టు మీదే కూర్చుంటాను. ఎంతసేపని మునుగుతారు? ఇంకా అదేనండి. రిజిస్టరు మీ చేతిలో ఉంది, కలం మీ చేతిలో ఉంది, నా చీటీ తెచ్చే పడవ రోజుకు రెండుసార్లు మీ గుమ్మం ముందు ఆగింది. ఆ మూడేళ్ళలో "బాగుంది" అని ఒక్క ముక్క రాసి పంపడానికి మీకేం అడ్డొచ్చింది? ఈసారి అచ్చులో అడుగుతున్నాను. నీళ్ళలోంచి పైకి వచ్చి జవాబు చెప్పండి.