గుండయ్య సీసా

తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నాను. మాదన్నపేట గుండయ్య పొద్దున్నే సైకిల్‌కు రెండు పాల క్యాన్లు, హ్యాండిల్‌కు ఒక సీసా తగిలించుకుని వస్తాడు. సీసాలో నల్లగొండ వైపున్న వాళ్ల ఊరి బావినీళ్లు. పాలల్లో నీళ్లు కలిపేవాళ్లను చూశాం గానీ, విడిగా నీళ్లు పోసేవాణ్ణి ఇతన్నే చూశాను. బహదూర్‌పురా బిస్కెట్ల కార్ఖానా సేఠ్‌కు రోజూ ఒక గ్లాసు పోసి, మీసం తుడుచుకుంటూ, "జర తాగి చూడు సేఠ్. కార్ఖానా మా ఊర్ల పెట్టు, జాగ నేనిస్త. మా పోరగాండ్లు బొంబాయి పోకుండ ఉంటరు," అంటాడు. సేఠ్ తాగి, నవ్వి ఊరుకుంటాడు.

సేఠ్ దగ్గర లెక్కలు రాసే నేను తమాషాకు, "ఆదివారం జాగా చూడటానికి వస్తున్నా" అని సేఠ్ పేరుతో గుండయ్యకు కార్డు రాశాను. చదువురాని గుండయ్య దాన్ని నా చేతే మూడుసార్లు చదివించుకుని, ఊరికి కబురు పంపాడు. ఆదివారం నవ్వుకుందామని నేనూ అతని వెంట బస్సెక్కాను. దిగి చూశాను. గుండయ్య జాగాలో పూతకొచ్చిన ఆముదపు చేను నాలుగెకరాలూ పీకేసి, నేల చదును చేసి, సేఠ్ కోసం ఊరంతా నిలబడి ఉంది. నిజం చెప్పాను. గుండయ్య పీకిన మొక్కల వంక ఒకసారి చూశాడు. తర్వాత సీసా నా చేతిలో పెట్టాడు.

"సేఠ్ పేరు మీద మాకు రాసినవు గద. ఇగ మా పేరు మీద సేఠ్‌కు రాయి."