నూట ఎనభై కూలుంబులు

మధ్యాహ్నం రెండింటికి మంచుకొండ మీది సైనిక పోస్టుకు చేరాను. మైనస్ ఇరవై రెండు. పడమటి గాలి. ఒక గుడిసె, ఒక కిరోసిన్ పొయ్యి, ఐదుగురం. ఇంటికి మాట్లాడటానికి ఒక్క శాటిలైట్ ఫోన్.

రెండో వారం మంచు తుపాను పట్టుకుంది. ఎండ లేదు, సోలార్ పలక పనిచేయలేదు. ఫోన్ నడిపే బ్యాటరీలో అర ఆంపియర్-అవర్ మిగిలింది. సగం ఆపదకు ఉంచమని కమాండర్ ఆదేశం. మిగతాది పంచితే తలా పాయింటు సున్నా ఐదు.

“గా పాయింట్లు ఎవనికి సమజైతయి?” అన్నాడు రేడియో ఆపరేటర్. మాది రెంజల్, ఆయనది జక్రాన్‌పల్లి; రెండూ నిజామాబాద్ జిల్లావే. “మూడు వేల ఆరు వందలతోని గుణించు తమ్మీ. తలా నూట ఎనభై కూలుంబులు, చార్జుకు గది చిన్న కొలత. పంచుకుంటే గిట్ల నిండుగ కనవడాలె.”

అంటే ఐదు నిమిషాల మాట. చలికి చార్జు చావకుండా బ్యాటరీని ఆయన బనియను లోపల పెట్టుకునేవాడు. ఫోన్‌కు వెళ్లే పొట్టి తీగ మెడ దగ్గర బయటికి వచ్చేది. ఎవరు మాట్లాడినా ఆయన పక్కన ఆనుకునే మాట్లాడాలి. ఆయన చార్జు లెక్క చూపే మీటరు చేత్తో పట్టుకుని ముఖం అటు తిప్పుకునేవాడు.

నా భార్య కాన్పుకు నిజామాబాద్ ఆసుపత్రిలో ఉంది. నా వంతులో అత్తమ్మ ఫోన్ ఎత్తింది.

“లోపలికి తీస్కవోయిండ్రు బిడ్డా. పెట్టెయ్యకు, సూసొస్త.”

చెప్పుల చప్పుడు. దూరంగా ఎవరో మరాఠీలో పిలుస్తున్నారు. మాట లేకపోయినా చార్జు పోతూనే ఉంది.

“ఎంతున్నది అన్నా?”

“ముప్పై. మాట్లాడు మరి, గట్లనే నిలవడ్డవ్!”

“ఎవలతోని మాట్లాడాలె?”

నా వాటా అయిపోయింది. ఫోన్ కట్ చేయబోతే ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“నాది ఉన్నది గద. వాడుకో.”

“మరి మీ అవ్వకు?”

“ఎండొచ్చినంక చేస్త. గామె యాడికి వోతది, బీడీలు సుట్టుకుంట కూసుంటది.”

ఇంకో నాలుగు నిమిషాలు దాటాక సన్నని ఏడుపు. వెంటనే అత్తమ్మ గొంతు: “ఆడపిల్ల బిడ్డా! ఇద్దరు మంచిగున్నరు.”

ఆయన మీటరు చూసి లైను తెంపాడు. “పదకొండున్నయి. గివి మాత్రం నావి. అవ్వా మంచిగున్న అనేటందుకు సాలు.”

గాలి తగ్గగానే నన్ను సెలవు మీద కిందికి పంపారు. బోధన్‌లో బస్సు దిగి, చెరుకు ట్రాక్టర్ల వెనుక నడుచుకుంటూ, అప్పటికే రెంజల్‌కు తెచ్చిన నా బిడ్డ దగ్గరికి పోయాను. తిరిగి వెళ్లేసరికి ఆయనకు వేరే చోటికి బదిలీ అయింది. మళ్లీ కలవలేదు.

ఇప్పుడు నా కూతురి ఫోన్‌లో ఐదు వేల మిల్లీఆంపియర్-అవర్ల బ్యాటరీ. పద్దెనిమిది వేల కూలుంబులు. అంటే అప్పటి మా వాటాలు వంద. చార్జింగ్ నుంచి తీసి ఇస్తుంటే అది అరచేతిలో వెచ్చగా తగులుతుంది. అటు తిప్పుకున్న ఆయన ముఖం, మా ఇద్దరి మధ్య ఆ పొట్టి తీగ కళ్ల ముందు నిలుస్తాయి.