నొసటికి పెట్టిన విబూది

తిరుపతి ఆస్పత్రిలో షుగరు పుండుకు నాయన కాలివేలు తీసేశారు. మళ్ళీ చీము పడితే కాలే పోతుందన్నారు. చిత్తూరు బస్సులో ఆ భయంతోనే, పుండు మీద విబూది వేద్దామని కట్టు విప్పబోయాను. పక్కసీట్లో తూగుతున్న ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“ఇప్పొద్దమ్మా! నేను నర్సును. కట్లు కట్టేముందు కడిగి కడిగి నా చేతులెట్లయినాయో సూడు.”

అరచేతులు పగిలి ఎర్రగా ఉన్నాయి.

“దేవుడి విబూదిలో గూడా పురుగుంటాదా?” అన్నాడు నాయన.

“దేవుడు మంచోడే పెద్దాయనా, మన చేతులే మంచివి కావు.”

ఆ విబూదిని ఆయన నొసటికి పెట్టి, మళ్ళీ కళ్ళు మూసుకుంది. పూతలపట్టులో దిగిపోయింది.

ఇంటికొచ్చిన చుట్టాలు పసుపు, ఆకుపసర్లు తెచ్చారు. నేను ఎవరినీ కట్టు ముట్టనీలేదు.

“నీ కూతురికి పొగరబ్బా!” అన్నారు.

నాయన రెండు కాళ్ళూ చాపుకొని నవ్వాడు.